జిప్ కోడ్ లెక్కలు చూసి ఇల్లు కొనవచ్చా? జనాభా, ఆదాయం, ఇళ్ళ విలువల పట్టికను చదివే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో అద్దెకు ఉంటున్నారు. ఫ్రిస్కోలో 75035 జిప్ కోడ్ పరిధిలో ఇల్లు కొనాలని చూస్తున్నారు. ఆ జిప్ కోడ్ జనాభా, ఆదాయం, ఇళ్ళ విలువ, అద్దె, ఖాళీ ఇళ్ళ శాతం రెండు మూడు వెబ్‌సైట్లలో వెతికితే ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఏది నమ్మాలి, వాటిని బట్టి నిర్ణయం తీసుకోవచ్చా అని అడిగారు. హైదరాబాద్‌లో మీ నాన్నగారు ఉంటున్న మియాపూర్ పిన్ కోడ్‌కు కూడా ఇలాంటి పట్టిక దొరుకుతుందా అని చివర్లో మరో ప్రశ్న వేశారు.

ముందుగా సూటి జవాబు. మీరు చూసిన అంకెల్లో చాలావరకు తప్పు కావు. ఒక్కో చోట ఒక్కో విషయాన్ని లెక్కగట్టి, అన్నింటికీ ఒకే పేరు పెట్టారు. జిప్ కోడ్ లెక్కలతో ఏ ఊళ్ళవైపు చూడాలో తేల్చుకోవచ్చు. ఏ ఇల్లు కొనాలో మాత్రం వాటితో తేల్చుకోకండి. అందుకు సెన్సస్ ట్రాక్ట్ (జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతం) లెక్కలు, కౌంటీ అప్రైజల్ జిల్లా (పన్ను కోసం ఇళ్ళకు విలువ కట్టే కార్యాలయం) రికార్డులు, బడి హద్దుల పటం కావాలి. ఇక మియాపూర్ 500049కు ఇలాంటి పట్టికను జనగణన శాఖ ఇవ్వదు. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను ఉత్తర టెక్సస్‌లో పట్టణ ప్రణాళిక రంగంలో ఉన్నాను. కొత్త బడి ఎటువైపు అవసరమవుతుంది, ఏ రోడ్డు వెడల్పు చేయాలి, అద్దె ఇళ్ళు ఎక్కడ చాలడం లేదు వంటి విషయాలకు జనగణన పట్టికలు తిరగేయడమే నా పని. మనవాళ్ళు ఫోను తెరమీద కనిపించిన ఒక్క అంకెను పట్టుకుని ముప్పై ఏళ్ళ అప్పుకు సంతకం పెట్టేస్తుంటే నాకు మనసు ఒప్పదు. అందుకే కొంచెం పొడవైనా వివరంగా రాస్తున్నాను.

జిప్ కోడ్ తపాలా బట్వాడా కోసం పుట్టింది

అమెరికా తపాలా శాఖ జిప్ కోడ్లను 1963 జూలై 1న ప్రవేశపెట్టింది. ఉత్తరాలు వేరుచేయడం, పోస్ట్‌మ్యాన్ తిరిగే దారులను విభజించడం దాని లక్ష్యం. జనాభా లెక్కలకూ పురపాలక సంఘం హద్దులకూ దానితో సంబంధం లేదు. ఇప్పుడు దేశంలో దాదాపు 41 వేల జిప్ కోడ్లు ఉన్నాయి. వాటిలో కొన్ని కేవలం పోస్టు పెట్టెల కోసమే. కొన్ని ఒకే భవనానికో, ఒకే సంస్థకో కేటాయించినవి. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనానికి 10118 అనే సొంత సంఖ్య ఉంది. స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీది 12345. ఫోర్ట్ క్యాంప్‌బెల్ సైనిక స్థావరం 42223 అయితే కెంటకీ, టెనెసీ అనే రెండు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది.

ఇలాంటి దానికి జనాభా, ఆదాయం లెక్కగట్టడం ఎలా? అమెరికా జనగణన సంస్థ అయిన సెన్సస్ బ్యూరో 2000 జనగణన నుంచి ఒక ఉపాయం అనుసరిస్తోంది. జనగణనలో అతి చిన్న ముక్క అయిన బ్లాకును తీసుకుని, అందులోని చిరునామాల్లో ఎక్కువ వాటికి ఏ జిప్ కోడ్ ఉందో చూసి, ఆ బ్లాకు మొత్తాన్ని ఆ సంఖ్య కింద చేరుస్తుంది. అలా అతికిన బ్లాకుల గుంపును జెడ్‌సీటీఏ (జిప్ కోడ్ టాబ్యులేషన్ ఏరియా) అంటారు. దేశమంతటా ఇవి 33 వేలకు పైగా ఉన్నాయి. మీరు చూసిన జనాభా, ఆదాయం అంకెలు ఈ జెడ్‌సీటీఏవి. సైట్లు దాన్ని నేరుగా జిప్ కోడ్ అని రాసేస్తాయి.

ఇక్కడ ఫ్రిస్కో వంటి చోట ఒక చిక్కు ఉంది. తపాలా శాఖ తనకు అవసరమైనప్పుడల్లా జిప్ కోడ్లను విడదీస్తుంది, మారుస్తుంది. సెన్సస్ బ్యూరో జెడ్‌సీటీఏ గీతలను పదేళ్ళకు ఒకసారి, జనగణనతో పాటు మాత్రమే మళ్ళీ గీస్తుంది. ఫ్రిస్కో నగర జనాభా 2000లో 33,714. 2010లో 1,16,989. 2020లో 2,00,509. ఇంత వేగంగా పెరిగిన ఊళ్ళో పొలాలు కాలనీలయ్యాయి, కొత్త వీధులు పడ్డాయి. 2020లో గీసిన గీతకూ ఇవాళ మీ ఇంటికి వచ్చే ఉత్తరం మీది సంఖ్యకూ అన్నిచోట్లా పొంతన ఉంటుందని అనుకోవద్దు. ముఖ్యంగా నగరం అంచుల్లో ఉన్న కొత్త కాలనీలో ఇల్లు చూస్తుంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

చిరునామాలో ఊరి పేరు ఒకటి, పన్ను కట్టే ఊరు మరొకటి కావచ్చు

న్యూజెర్సీలో మనవాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ 08540. దాన్ని ప్రిన్స్‌టన్ జిప్ కోడ్ అంటారు. కానీ ఆ సంఖ్య ప్రిన్స్‌టన్ మునిసిపాలిటీ దాటి చుట్టుపక్కల టౌన్‌షిప్పుల్లోకి కూడా వెళ్తుంది. చిరునామాలో ప్రిన్స్‌టన్ అని ఉన్నా, ఇంటి పన్ను వేరే టౌన్‌షిప్పుకు కట్టే ఇళ్ళు, పిల్లలు వేరే బడి జిల్లాకు (స్కూల్ డిస్ట్రిక్ట్‌కు) వెళ్ళే ఇళ్ళు చాలానే ఉన్నాయి. 08540 మధ్యగత (మీడియన్) ఆదాయం అని కనిపించే అంకె ఈ ఊళ్ళన్నింటి కలగలుపు. పక్కనే ఉన్న 08544 విశ్వవిద్యాలయానికి మాత్రమే కేటాయించిన సంఖ్య.

ఈ కలగలుపు వల్ల ఎంత హాని జరుగుతుందో మిషిగన్‌లోని ఫ్లింట్ నగరం చూపించింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ తాగునీటిని ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. పాత గొట్టాల్లోని సీసం నీళ్ళలో కలిసింది. పిల్లల రక్తంలో సీసం పెరిగిందా లేదా అని రాష్ట్ర అధికారులు జిప్ కోడ్ల వారీగా చూశారు. ఫ్లింట్ చిరునామా ఉన్న ఇళ్ళలో దాదాపు మూడో వంతు నగరం బయట ఉన్నాయి. వాటికి ఆ నీళ్ళే రావు. ఆ ఇళ్ళ పిల్లల పరీక్షలు కూడా కలిపేసరికి పెరుగుదల పలచబడి కనిపించకుండా పోయింది. పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటీషా బృందం ఇంటి చిరునామాలను పటం మీద గుర్తించి, నగర నీరు వచ్చే ఇళ్ళనే వేరుచేసి చూశాక అసలు సంగతి బయటపడింది. 2015 సెప్టెంబరులో ఆమె ఆ ఫలితాలను ప్రకటించారు. ఎవరైనా జిప్ కోడ్ సగటు చూపించి ఒక ప్రాంతం గురించి గట్టిగా వాదిస్తే నాకు ముందు ఫ్లింట్ గుర్తుకొస్తుంది.

మీ విషయంలోనూ ఇంతే. ఫ్రిస్కో నగరం కొలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో ఉంది. ఊళ్ళో ఎక్కువ భాగం ఫ్రిస్కో బడి జిల్లాలో ఉన్నా కొన్ని భాగాలు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ బడి జిల్లాల్లో ఉన్నాయి. మరోవైపు ఫ్రిస్కో బడి జిల్లా ప్లేనో, మెకిన్నీ నగరాల్లోని కొన్ని కాలనీలకు కూడా వర్తిస్తుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి బడులు, స్థానిక సంస్థలు ఇంటి పన్ను మీద చాలా ఆధారపడతాయి. బడి జిల్లా మారితే పన్ను రేటూ మారుతుంది. పైగా కొన్ని కొత్త కాలనీల్లో నీటి సదుపాయాలకో, రోడ్లకో వేసిన అదనపు జిల్లా పన్ను కూడా ఉంటుంది. వీటిలో ఏదీ జిప్ కోడ్ గీతను అనుసరించదు.

ఆ అంకెలు ఎన్ని ఇళ్ళను అడిగి చెప్పినవి

పదేళ్ళకోసారి జరిగే జనగణనలో ఇంట్లో ఎంతమంది, వయసు, జాతి, సొంత ఇల్లా అద్దె ఇల్లా వంటివే అడుగుతారు. ఆదాయం, ఇంటి విలువ, అద్దె, ఇల్లు కట్టిన సంవత్సరం వంటివి అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి వస్తాయి. 2005 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తున్న ఈ సర్వేలో ఏటా దేశమంతటా సుమారు 35 లక్షల చిరునామాలను ఎంపిక చేస్తారు. అంటే సుమారు నలభై ఇళ్ళలో ఒకటి. పదివేల ఇళ్ళున్న జిప్ కోడ్‌లో ఏడాదికి ఉజ్జాయింపుగా 250 చిరునామాలు. వాటిలో జవాబు ఇవ్వని ఇళ్ళు కొన్ని పోతాయి. అంత తక్కువ మందితో ఏడాది లెక్క చెప్పలేరు కాబట్టి, 65 వేలు లేదా అంతకు మించి జనాభా ఉన్న ప్రాంతాలకే ఏడాది అంచనా ఇస్తారు. జెడ్‌సీటీఏలకు ఐదేళ్ళ జవాబులు కలిపిన అంచనా మాత్రమే దొరుకుతుంది.

కాబట్టి పట్టిక మీద 2023 అని ఉంటే, అది 2019 జనవరి నుంచి 2023 డిసెంబరు వరకు సేకరించిన జవాబుల సారం. ఫ్రిస్కోలో ఆ ఐదేళ్ళలో ఎంత మారిందో మీకే తెలుసు. 2019లో అడిగిన కుటుంబమూ 2023లో కొత్త ఇంట్లో దిగిన కుటుంబమూ ఒకే అంకెలో ఉన్నాయి. ఒక సైటు పాత విడుదలను, మరొకటి కొత్త విడుదలను పెట్టుకుంటే అక్కడే తేడా వచ్చేస్తుంది.

జనాభా విషయంలో ఇంకో జాగ్రత్త. ఈ సర్వే జనాభాను లెక్కించడానికి ఉద్దేశించింది కాదు. జిప్ కోడ్ జనాభా కావాలంటే 2020 జనగణన అంకెను తీసుకోండి. ఇప్పటి జనాభా కావాలంటే నగరానికో కౌంటీకో సెన్సస్ బ్యూరో ఏటా ఇచ్చే అంచనాను చూడండి. జెడ్‌సీటీఏలకు అలాంటి ఏటి అంచనా లేదు. మీరు చెప్పిన సైట్లలో ఒకటి ఈ ఏడాది జనాభా అని చూపిస్తోందంటే, అది ఆ సంస్థ సొంతంగా పెంచి వేసుకున్న అంచనా అయి ఉంటుంది.

పక్కనున్న చిన్న అంకెను వదలొద్దు

డేటా.సెన్సస్.గవ్ తెరిచి బి19013 అని కొట్టండి. గృహాల మధ్యగత ఆదాయం పట్టిక వస్తుంది. భౌగోళిక ప్రాంతం దగ్గర ఐదంకెల జిప్ కోడ్ ఎంచుకోండి. తెరమీద ఒకే వరుస ఉంటుంది. దాని పక్కన రెండు గడులు. మొదటిది అంచనా. రెండోది ప్లస్ మైనస్ గుర్తుతో ఉండే మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే అంచనాకు అటూ ఇటూ ఉండగల తేడా. అసలు ఆదాయం ఆ పరిధిలో ఉంటుందని 90 శాతం నమ్మకంతో చెబుతున్నామని దాని అర్థం. వ్యాపార సైట్లలో చాలావరకు మొదటి గడిని మాత్రమే ఎత్తి చూపిస్తాయి.

ఒక లెక్క చేసి చూద్దాం. ఇవి నేను అనుకుంటున్న అంకెలే, ఏ ఊరివీ కావు. ఒక జిప్ కోడ్ మధ్యగత ఆదాయం 1,20,000 డాలర్లు, తేడా 12,000. ఇంకోదాని ఆదాయం 1,30,000, తేడా 9,000. రెండోది సంపన్నమైనదా? రెండు తేడాల వర్గాలను కూడి వర్గమూలం తీయండి. 12 వర్గం 144, తొమ్మిది వర్గం 81, మొత్తం 225, వర్గమూలం 15. అంటే ఆ రెండు ఆదాయాల వ్యత్యాసంలో అటూ ఇటూ ఉండగల తేడా 15,000 డాలర్లు. రెండింటి మధ్య కనిపిస్తున్న వ్యత్యాసం అంతకంటే తక్కువ, 10,000 మాత్రమే. ఈ సర్వే ఆధారంగా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని చెప్పడానికి వీలు లేదు. ఈ చిన్న లెక్క చేసుకుంటే జిప్ కోడ్లకు ర్యాంకులిచ్చే జాబితాల్లో పక్కపక్కన ఉన్న స్థానాలకు ఎంత విలువుందో మీకే తెలిసిపోతుంది.

ఈ సందర్భంలో మనవాళ్ళకు ఒక మాట. ఈ సర్వే కవరు ఇంటికి వస్తే మోసమేమో అనుకుని చెత్తబుట్టలో వేసేవాళ్ళను చాలామందిని చూశాను. వీసా మీద ఉన్నవాళ్ళు మరీ భయపడతారు. వీసా ఏదైనా ఆ చిరునామాలో నివసిస్తున్నవాళ్ళను లెక్కించాలన్నదే నియమం. జవాబు ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. సెన్సస్ ఉద్యోగి ఎవరైనా మీ వివరాలు బయటపెడితే ఐదేళ్ళ వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అనుమానం ఉంటే సెన్సస్ బ్యూరోకు ఫోను చేసి నిర్ధారించుకుని, దయచేసి నింపి పంపండి. పదివేల ఇళ్ళ తరఫున కొద్ది వందల ఇళ్ళే మాట్లాడుతున్నప్పుడు మన ఇళ్ళ మౌనం ఆ అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. బడులకు, రోడ్లకు నిధులు కోరేటప్పుడు మేము తీసుకెళ్ళేది ఆ అంకెలనే.

ఆదాయం అన్న ఒక్క మాట కింద ఎన్ని ఉన్నాయో

మీరు చూసిన అంకెల్లో పెద్ద తేడా ఆదాయంలోనే వచ్చిందని రాశారు. నా అనుభవంలో దానికి కారణాలు ఇవే.

గృహ ఆదాయం అంటే ఒకే ఇంట్లో ఉంటున్న అందరి ఆదాయం. ఒంటరిగా ఉండే ఉద్యోగి, ఒకే ఇంట్లో అద్దె పంచుకునే నలుగురు స్నేహితులు కూడా గృహాలే. కుటుంబ ఆదాయం అంటే రక్తసంబంధం, వివాహం లేదా దత్తత ద్వారా బంధువులైన ఇద్దరు లేదా ఎక్కువమంది ఉన్న ఇళ్ళది మాత్రమే. ఒంటరివాళ్ళు అందులో ఉండరు కాబట్టి కుటుంబ ఆదాయం సాధారణంగా ఎక్కువగా కనిపిస్తుంది. తలసరి ఆదాయం పసిపిల్లలతో సహా అందరి మీదా పంచినది. పిల్లలు ఎక్కువగా ఉన్న ఫ్రిస్కో వంటి శివారు నగరాల్లో గృహ ఆదాయం బాగా పెద్దదిగా, తలసరి అంత పెద్దదిగా లేకుండా కనిపించడానికి ఇదొక కారణం.

మధ్యగతం, సగటు వేరు. బడిలో చదివిందే. ఇళ్ళను ఆదాయం క్రమంలో నిలబెడితే నడుమ ఉన్న ఇంటి ఆదాయం మధ్యగతం. నాలుగైదు భారీ ఆదాయాలు చేరినా అది పెద్దగా కదలదు, సగటు మాత్రం ఎగిరిపోతుంది. సగటును చూపించి ప్రాంతం ఘనంగా ఉందని చెప్పే ప్రకటనలు చాలా ఉన్నాయి.

ఆదాయపు పన్ను వసూలు చేసే ఐఆర్‌ఎస్ కూడా జిప్ కోడ్ వారీగా ఆదాయం విడుదల చేస్తుంది. అక్కడ లెక్కించేది ఇళ్ళను కాదు, దాఖలైన రిటర్నులను. షేర్లు, ఇళ్ళు అమ్మితే వచ్చిన లాభం అందులో చేరుతుంది. సెన్సస్ సర్వే నిర్వచనంలో ఆ లాభాలు ఆదాయం కిందికి రావు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా ఉన్నచోట షేర్ల మార్కెట్ బాగున్న ఏడాదిలో ఈ రెండూ దూరంగా జరగడం సహజం. రెండింట్లో ఏదీ అబద్ధం కాదు. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడమే తప్పు.

హాస్టళ్ళు, జైళ్ళు, వృద్ధాశ్రమాల్లో ఉండేవారు జనాభాలో ఉంటారు గానీ గృహాల లెక్కలో ఉండరు. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణానిది 16802. అక్కడ ఉండేది దాదాపు అందరూ విద్యార్థులే. అలాంటిచోట గృహ ఆదాయం చూసి పేద ప్రాంతమో ధనిక ప్రాంతమో చెప్పడం అర్థంలేని పని. ఇంకో చిన్న విషయం: 2,50,000 డాలర్లు దాటిన మధ్యగత ఆదాయాన్ని పట్టికలో 2,50,000 ప్లస్ అని మాత్రమే చూపిస్తారు. దాన్ని అసలు అంకె అనుకుని పోల్చేవాళ్ళూ ఉన్నారు.

ఇంటి విలువ, అద్దె

బి25077 పట్టికలో సొంత ఇళ్ళ మధ్యగత విలువ ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దాన్ని ఎలా వాడాలో తెలుస్తుంది. ఈ ఇల్లు ఇప్పుడు అమ్మకానికి పెడితే ఎంత వస్తుందనుకుంటున్నారు అని యజమానిని అడుగుతారు. ఆయన చెప్పిందే విలువ. ఐదేళ్ళ జవాబులను కలిపేటప్పుడు చివరి ఏడాది డాలర్లకు సవరిస్తారు, కానీ ఆ సవరణ మామూలు వస్తువుల ధరల సూచీతో జరుగుతుంది. ఇళ్ళ ధరలు అంతకంటే వేగంగా పెరిగిన కాలంలో పట్టికలోని విలువ మార్కెట్ కంటే వెనకబడుతుంది. 2020 తర్వాత డాలస్ చుట్టుపక్కల జరిగింది అదే.

టెక్సస్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన ఇక్కడ లేదు. అందువల్ల సైట్లు చూపించే తాజా విలువలు ఎక్కువగా ఏజెంట్ల జాబితాలు, సొంత నమూనాల మీద ఆధారపడినవే. కౌంటీ అప్రైజల్ జిల్లా వేసే విలువ పన్ను కోసం. అందులో సొంత నివాసంగా నమోదైన ఇంటి పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి ఉంది. మీరు కొన్నాక పాత యజమానికి ఉన్న ఆ పరిమితి పోతుంది. ఇప్పటి యజమాని కడుతున్న పన్నును చూసి మీ నెలవారీ ఖర్చు లెక్క వేసుకోవద్దు. ఆ ఇంటి మార్కెట్ విలువ, పన్ను విలువ అన్న రెండు గడులనూ అప్రైజల్ జిల్లా సైటులో పక్కపక్కన చూడండి. వాటి మధ్య ఎంత దూరం ఉంటే వచ్చే ఏడాది మీ పన్ను విలువ అంత పెరిగే వీలుంది.

బి25064లోని మధ్యగత అద్దెలో కరెంటు, నీళ్ళు, గ్యాసు ఖర్చు కూడా కలిసి ఉంటుంది. పదేళ్ళుగా అదే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవారి అద్దె కూడా అందులోనే. ఇప్పుడు ఇల్లు వెతుక్కునేవారికి చెప్పే అద్దె సాధారణంగా అంతకంటే ఎక్కువ. ఇక ఖాళీ ఇళ్ళు. ఆ శాతం ఎక్కువ కనిపించగానే ప్రాంతం పాడైపోతోందని భయపడకండి. బి25004 తెరిస్తే ఎందుకు ఖాళీగా ఉన్నాయో విడివిడిగా ఉంటుంది. అద్దెకు ఉన్నవి, అమ్మకానికి ఉన్నవి, అమ్ముడైనా ఇంకా దిగనివి, సెలవుల్లో మాత్రమే వాడుకునేవి. కట్టడాలు ముమ్మరంగా సాగే ఊళ్ళో మూడో రకం ఉండడం మామూలే.

ఇంత చెప్పాక జిప్ కోడ్ లెక్కలు పూర్తిగా పనికిరానివని అనుకోకండి. అద్దె సాయం పొందే పేద కుటుంబాలకు మహానగరం మొత్తానికి ఒకే అద్దె పరిమితి పెడితే వాళ్ళు చౌక ప్రాంతాలకే పరిమితమవుతున్నారన్న వివాదం డాలస్‌లోనే కోర్టుకెక్కింది. ఫలితంగా 2011 నుంచి ఇక్కడ జిప్ కోడ్ వారీగా ఆ పరిమితి లెక్కిస్తున్నారు. మహానగర సగటుతో పోలిస్తే జిప్ కోడ్ చాలా మెరుగు. మీరు ఇర్వింగ్, కొపెల్, ఫ్రిస్కో, మెకిన్నీల మధ్య తేల్చుకోలేకపోతున్న దశలో అయితే దాన్ని నిస్సంకోచంగా వాడండి.

ట్రాక్ట్ దగ్గరకు దిగండి

సెన్సస్ ట్రాక్ట్‌లో సాధారణంగా 1,200 నుంచి 8,000 మంది ఉంటారు, సగటున 4,000. దాని గీతలు వీలైనంతవరకు రోడ్లు, వాగులు, రైలు పట్టాల వెంట సాగుతాయి, జనం బాగా పెరిగితే తప్ప మార్చరు. సెన్సస్ బ్యూరో జియోకోడర్‌లో ఇంటి చిరునామా వేస్తే ట్రాక్ట్ సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యతో పైన చెప్పిన పట్టికలే మళ్ళీ తెరవండి. ట్రాక్ట్ చిన్నది కాబట్టి అటూ ఇటూ తేడా పెద్దదిగా ఉంటుంది. అందుకని ఇంటి చుట్టూ ఉన్న నాలుగైదు ట్రాక్ట్‌లను కలిపి చూడండి. డీపీ04 అనే పట్టికలో ఇళ్ళు కట్టిన దశాబ్దం, సొంతం, అద్దె నిష్పత్తి, నెలవారీ ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటిన ఇళ్ళు అన్నీ ఒకేచోట ఉంటాయి. నేనైతే ఆదాయం కంటే ముందు ఆ పట్టికే చూస్తాను. అప్పు భారం మోయలేని ఇళ్ళు ఎక్కువగా ఉన్న కాలనీలో మందగమనం వస్తే అమ్మకాలు ఒక్కసారిగా పెరుగుతాయి.

నాకు తెలిసిన ఒక దంపతులు భారతీయ కిరాణా దుకాణం పెట్టాలనుకున్నారు. ఒక జిప్ కోడ్ జనాభా, ఆదాయం బాగున్నాయని అందులో దుకాణం చూసుకున్నారు. ట్రాక్ట్‌ల వారీగా పటం వేసి చూస్తే వాళ్ళకు గిరాకీ ఇచ్చే ఇళ్ళన్నీ ఆ జిప్ కోడ్ ఒక మూలన, పెద్ద హైవే అవతల ఉన్నాయి. అక్కడివాళ్ళకు పక్క జిప్ కోడ్‌లోని దుకాణాలే దగ్గర. వాళ్ళు లీజు రాయకుండా ఆగి, హైవేకు అవతలివైపు చోటు వెతుక్కున్నారు.

చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎంతమంది అని మీరు అడగలేదు గానీ తర్వాత అందరూ అడిగేది అదే. డీపీ05లో భారతీయ సంతతి వారి సంఖ్య జిప్ కోడ్‌కూ ట్రాక్ట్‌కూ దొరుకుతుంది. ఇంట్లో మాట్లాడే భాషగా తెలుగును 2016 నుంచి సర్వే విడిగా చూపిస్తోంది. గోప్యత కోసం చిన్న ప్రాంతాలకు ఆ వివరం ఇవ్వరు. ఏజెంటును ఈ ప్రశ్న అడిగితే జవాబు రాకపోవచ్చు. జాతిని బట్టి కొనుగోలుదారులను ఒక ప్రాంతం వైపు మళ్ళించడం 1968 నాటి గృహ న్యాయ చట్టం (ఫెయిర్ హౌసింగ్ యాక్ట్) ప్రకారం చట్టవిరుద్ధం కాబట్టి వాళ్ళు జాగ్రత్తగా ఉంటారు. వాళ్ళను తప్పుపట్టకండి.

మియాపూర్ సంగతి

భారతదేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అదీ తపాలా కోసమే. ఇక్కడి జెడ్‌సీటీఏ మాదిరి ప్రాంతాన్ని భారత జనగణన శాఖ తయారు చేయలేదు. అక్కడ లెక్కలు గ్రామం, పట్టణం, వార్డు వారీగా వస్తాయి. కాబట్టి 500049 అని వెతక్కుండా, ఆ ఇల్లు ఏ వార్డులో ఉందో చూసి వెతకాలి. 2011 జనగణనలో వార్డు స్థాయిలో జనాభా, అక్షరాస్యత, పనిచేసేవారి సంఖ్య, ఇంటి గోడలు, కప్పు, గదులు, మరుగుదొడ్డి, వాహనాలు, టీవీ వంటి వివరాలు ఉన్నాయి. ఆదాయం మాత్రం భారత జనగణనలో అడగరు. అందుకని మియాపూర్ మధ్యగత ఆదాయం అంటూ ఏదైనా సైటు అంకె చూపిస్తే అది ప్రైవేటు అంచనా అని తెలుసుకోండి. ఇళ్ళ విలువకు రిజిస్ట్రేషన్ శాఖ ప్రాంతాల వారీగా నిర్ణయించే మార్కెట్ విలువ ఉంది. స్టాంపు సుంకం కోసం పెట్టిన ఆ విలువ అసలు ధరకంటే చాలాచోట్ల తక్కువగా ఉంటుంది.

2011 తర్వాత మియాపూర్‌కు మెట్రో వచ్చింది, చుట్టూ టవర్లు లేచాయి. ఆ వార్డు లెక్కలతో ఇప్పటి పరిస్థితిని ఊహించలేం. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు, ఇళ్ళ జాబితా తయారీని 2026కు పెట్టారు. ఆ వార్డు పట్టికలు వెలువడే వరకు నాన్నగారి ఫ్లాటు అమ్మకం గురించి ఆలోచిస్తుంటే, అదే అపార్ట్‌మెంట్‌లోనూ పక్క వీధిలోనూ ఈమధ్య రిజిస్టరైన దస్తావేజుల్లో రాసిన ధరలు, అక్కడివారు నిజంగా చేతులు మారాయని చెప్పే ధరలు, రెండూ విడివిడిగా రాసుకుని చూడమనండి.

ఫ్రిస్కో ఇంటి విషయంలో ఈ వారాంతం జియోకోడర్‌లో చిరునామా వేసి ట్రాక్ట్ సంఖ్య తీసుకోండి. చిరునామా ఇక్కడ రాయవద్దు, ట్రాక్ట్ సంఖ్య మాత్రం రాయండి. బి19013, డీపీ04లో వచ్చిన అంకెలను పక్కనున్న తేడాతో సహా పెడితే, చుట్టూ ఏ ట్రాక్ట్‌లను కలిపి చూడాలో చెబుతాను.